మర్రి కొమ్మ నాటడం, ఊడలను నేలకు దించడం ఎలా?

తొలకరి దగ్గర పడితే చాలు, అవే మూడు ప్రశ్నలు వస్తాయి. మర్రి కొమ్మ నరికి పాతితే బతుకుతుందా? పాతిన కొమ్మ చిగురు వేసి మళ్ళీ ఎందుకు ఎండిపోయింది? మా ఊరి చెట్టుకు ఊడలు వేలాడుతున్నాయి కానీ నేలకు దిగడం లేదు, ఏం చేయాలి? మూడింటికీ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చల్క (ఎర్ర ఇసుక) నేలలకు, ఇక్కడి ఎండలకు సరిపోయే పద్ధతి ఇది. తడి ఎక్కువగా ఉండే ప్రాంతాలవారు నీళ్ళు తగ్గించుకోవాలి.

మర్రిని బతికించడం కష్టమేమీ కాదు. కొమ్మ పాతే పని ఒక పూటలో అయిపోతుంది. ఎక్కువ ఆలోచించాల్సింది చోటు గురించి. చెడిపోయిన మర్రుల్లో చాలావాటికి రోగం రాలేదు. వాటిని నాటిన చోటే తప్పు.

ముందు చోటు తేల్చుకోండి

మహబూబ్‌నగర్ పట్టణం పక్కనున్న పిల్లలమర్రిని చూసి రండి. ఏడు వందల ఏళ్ళ నాటిదని చెప్పే ఆ ఒక్క చెట్టు దాదాపు మూడెకరాలు పరుచుకుంది. (సూర్యాపేట దగ్గర ఇదే పేరుతో ఇంకో ఊరుంది. అక్కడ కాకతీయుల కాలపు గుడులున్నాయి, చూడదగ్గవే. చెట్టు కోసం మాత్రం అక్కడికి వెళ్ళకండి.) మీరు నాటేది అంత కాకపోవచ్చు. అయినా మీ మనవల కాలానికి దాని నీడ ఎంత దూరం వెళ్తుందో ఇప్పుడే లెక్క వేసుకోవాలి.

ఇల్లు, ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు, నీళ్ళ ట్యాంకు, రాతి ఒర కట్టిన పాత బావి, వీటిలో దేనికైనా కనీసం 60 అడుగుల దూరం ఉండాలి. 100 అడుగులుంటే ఇంకా మంచిది. పైన కరెంటు తీగలు ఉండకూడదు. తీగల కింద నాటితే ప్రతి ఏడూ లైన్‌మన్ వచ్చి నడినెత్తి నరుకుతాడు. అతన్ని తిట్టుకుని లాభం లేదు.

చెరువు కట్ట మీద నాటుతామని చాలామంది అడుగుతారు. వద్దు. కట్టలోకి దిగిన పెద్ద వేరు ఎప్పుడైనా చచ్చి కుళ్ళిందంటే ఆ ఖాళీ గుండా నీరు ఊరుతుంది, కట్టకు గండి పడే దారి అదే. పాత కట్టల మీద మర్రులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నవాటిని ఉండనివ్వండి, కొత్తవి మాత్రం కట్ట దిగి, దూరంగా మెరక మీద పెట్టండి.

రోడ్డు అంచు కూడా నమ్మదగిన చోటు కాదు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్ళే దారిలో వరుసగా నిలిచిన మర్రులను రోడ్డు విస్తరణ నుంచి కాపాడటానికి ఎంత పోరాటం నడిచిందో మీరు వినే ఉంటారు. ఇవాళ్టి సింగిల్ రోడ్డు రేపు నాలుగు వరుసలు కావచ్చు.

మరి ఎక్కడ నాటాలి? బడి మైదానం అంచున, పశువులు మధ్యాహ్నం నిలిచే చోట, వైకుంఠధామంలో (ఊరి శ్మశానంలో), పల్లె ప్రకృతి వనంలో ఖాళీ మూల ఉంటే అక్కడ, బొడ్రాయి చుట్టూ జాగా ఉంటే దానికి దూరంగా ఒక పక్కన. ఉమ్మడి స్థలమైతే సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి చెప్పి, వీలైతే తీర్మానంలో రాయించండి. చెట్టు పెద్దదయ్యాక దాని తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

సొంత ఇంటి పెరడు ఐదు గుంటలలోపు ఉంటే మర్రి ఆలోచన మానుకోండి. అలాంటి చోటికి వేప, కానుగ నయం.

కావలసినవి

- మర్రి కొమ్మ ఒకటి: 7 నుంచి 8 అడుగుల పొడవు, మణికట్టు నుంచి ముంజేయి వరకు లావు, నిటారుగా ఉన్నది
- పదునైన చేతిరంపం (గొడ్డలి వద్దు, కారణం కింద చెబుతాను)
- గడ్డపార, పార, తట్ట
- బాగా మాగిన పశువుల ఎరువు రెండు మూడు తట్టలు
- వేప పిండి ఒక కిలో
- పేడ, ఎర్రమట్టి కలిపిన ముద్ద కొంచెం
- గోనె సంచి ఒకటి, సుతిలి తాడు
- పది లీటర్లు పట్టే మట్టి కుండ, పాత నూలు గుడ్డ
- కంచెకు సర్కారు తుమ్మ కంప

కొమ్మ కోసం మొత్తం చెట్టు మీద పడకండి. చెట్టు నరకడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఒక్క కొమ్మే అయినా, ఊరి చెట్టైతే పంచాయతీని, గుడి చెట్టైతే గుడివారిని అడిగి కోయండి. గాలివానకు విరిగి పడిన కొమ్మ, కరెంటువాళ్ళు కొట్టేసిన కొమ్మ దొరికితే అంతకన్నా మేలు. పడి రెండు రోజులు దాటకుండా, తొలి కత్తిగాటుకే పాలు చిమ్మితే అది పనికొస్తుంది.

కొమ్మ మర్రిదేనా అన్నది కూడా చూసుకోండి. రాగి చెట్టు అని మన వైపు పిలిచే రావికి ఆకు కొన తోకలా సాగుతుంది. మర్రి ఆకు మందంగా, కోడిగుడ్డు ఆకారంలో, కొన మొద్దుగా ఉంటుంది, లేత పసుపు ఈనెలు స్పష్టంగా కనబడతాయి. పండు ఎర్రగా, కాడ లేకుండా, ఆకు మొదట్లో జంటగా కాస్తుంది. మేడికి పండ్లు మొద్దు మీదా లావు కొమ్మల మీదా గుత్తులుగా కాస్తాయి కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు. జువ్విని చూసి మర్రి అనుకునేవాళ్ళు మాత్రం ఉన్నారు. దాని ఆకు పలచన, కొన సూదిగా ఉంటుంది.

ఎప్పుడు నాటాలి

మృగశిర కార్తె నుంచి పునర్వసు దాకా, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మధ్య వరకు. ఏరువాక పున్నమి చాలా ఏళ్ళు ఈ రోజుల్లోనే వస్తుంది కాబట్టి కొన్ని ఊళ్ళలో ఆ రోజే నాటుకుంటారు, మంచి అలవాటు. అయితే పంచాంగం కన్నా నేలను నమ్మండి. పార దించితే అడుగు లోతు వరకు తడి కనబడాలి. ఒక్క జల్లుకే పాతేసి, ఆ తర్వాత ఇరవై రోజులు వాన లేక కొమ్మ వడలిపోవడం మన జిల్లాల్లో మామూలే.

రోజూ నీళ్ళు పెట్టగలిగే బోరు దగ్గరుంటే ఇంకో అదను ఉంది. మర్రి ఆకు రాల్చి కొత్త చిగురు వేయబోయే ఫాల్గుణంలో కోసిన కొమ్మలో నిల్వ బలం ఎక్కువ. కానీ ముందున్నది ఎండాకాలం. నీటికి హామీ లేకపోతే ఆ అదను మీది కాదు.

నాటే పద్ధతి

1. గుంత. వారం పది రోజుల ముందే మూడు అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వండి. పై అడుగు మట్టిని ఒక పక్క, అడుగు మట్టిని ఇంకో పక్క పోయండి. చల్క నేలల్లో రెండు అడుగులకే మొరం తగులుతుంది. అక్కడ ఆగిపోవడమే ఎక్కువమంది చేసే పని. గడ్డపారతో ఆ మొరాన్ని ఇంకో అడుగు వదులు చేయండి, తీయకపోయినా పరవాలేదు, పగలాలి. లేకపోతే వేర్లు గుంతలోనే చుట్టలు చుట్టుకుంటాయి, పదేళ్ళ తర్వాత గాలివానకు చెట్టు మొదలంటా పడిపోతుంది.

2. నీటి పరీక్ష. గుంత నిండా నీళ్ళు పోసి మర్నాడు చూడండి. ఇంకిపోతే సరే. నల్లరేగడిలో తెల్లారేసరికి కూడా నీరు నిలిచి ఉంటే అక్కడ గుంత తగ్గించి, అడుగున్నర ఎత్తు దిబ్బ చేసి దాని మీద నాటండి. నిలువ నీటిలో కొమ్మ కుళ్ళుతుంది.

3. కొమ్మ కోయడం. ఉదయం పూట కోయండి. మొదలు వైపు ఏటవాలుగా, కొస వైపు అడ్డంగా కోయాలి. ఈ తేడా అందం కోసం కాదు. ఆకులన్నీ తీసేశాక ఏది పైన, ఏది కింద అన్నది మర్చిపోకుండా ఇదే గుర్తు. తలకిందులుగా పాతిన కొమ్మలు మీరనుకునే దానికన్నా ఎక్కువ. అనుమానం వస్తే ఆకు రాలిన మచ్చ చూడండి, మొగ్గ ఎప్పుడూ ఆ మచ్చకు పైనే ఉంటుంది. గొడ్డలి వేటుకు చెక్క చీలుతుంది, బెరడు నలుగుతుంది. అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది కాబట్టి రంపమే వాడండి.

4. ఆకులు, పాలు. ఆకులన్నీ తుంచేయండి. రెండు మూడు ఉంచితే అందంగా ఉంటుందని ఉంచుతారు, అవే కొమ్మలోని నీరంతా ఆవిరి చేస్తాయి. కోసిన చోట్ల పాలు కారడం ఆగేదాకా నీళ్ళతో కడిగి, తడి గోనె చుట్టి, నీడలో ఒక రోజు ఉంచండి. పాలు కళ్ళలో పడకుండా, ఒంటికి తగలకుండా చూసుకోండి. కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

5. కొసకు ముద్ద. పై కోతకు పేడ, ఎర్రమట్టి కలిపిన ముద్ద మెత్తి, పైన చిన్న గుడ్డ కట్టండి. వానకు కరిగితే మళ్ళీ మెత్తాలి.

6. పాతడం. పై మట్టిలో ఎరువు, వేప పిండి కలిపి గుంత అడుగున అరడుగు మేర నింపండి. కొమ్మను నిలబెట్టి, కనీసం రెండున్నర అడుగులు భూమిలో ఉండేలా చూసి మిగతా మట్టి పోయండి. ప్రతి అరడుగుకూ కాలితో గట్టిగా తొక్కాలి. లోపల గాలి సందు మిగిలితే అక్కడ వేరు రాదు. పచ్చి పేడ మాత్రం వేయకండి, వేడికి కొమ్మ మొదలు ఉడుకుతుంది, చెదలు కూడా వస్తాయి.

7. ఊతం. రెండు పక్కల కర్రలు పాతి కొమ్మను సుతిలితో వదులుగా కట్టండి. గాలికి ఊగిందంటే పుడుతున్న వేళ్ళు తెగిపోతాయి.

8. కుండ. కుండ అడుగున చిన్న బెజ్జం వేసి గుడ్డ వత్తి దూర్చండి. కొమ్మకు అడుగు దూరంలో మెడ వరకు పాతి, నింపి, మూత పెట్టండి. వానాకాలంలో వానలు పడుతున్నంత వరకు వదిలేసినా పరవాలేదు కానీ, కార్తీకం నుంచి నాలుగైదు రోజులకోసారి, మార్చి నుంచి జూన్ దాకా రెండు రోజులకోసారి నింపాలి. మొదటి ఎండాకాలం దాటించేది ఈ కుండే. ట్యాంకరుతో వారానికోసారి ముంచెత్తడం కన్నా ఇది మేలు, నీళ్ళూ తక్కువే.

9. కంచె. చుట్టూ నాలుగడుగుల దూరంలో సర్కారు తుమ్మ కంప దట్టంగా కట్టండి. ఇంత పొడవు కొమ్మ ఎందుకంటే చిగురు మేకకు సులువుగా అందకూడదు. అయినా కంచె తప్పదు, గేదెలు ఒళ్ళు రుద్దుకుంటాయి.

బతికిందో లేదో తెలుసుకోవడం

పాతిన మూడు వారాలకు చిగురు వస్తుంది. ఊళ్ళో అందరికీ చెప్పుకోకండి. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చింది, అప్పటికి వేరు పుట్టి ఉండకపోవచ్చు. "చిగురు వేసి ఎండిపోయింది" అనే ప్రశ్నకు జవాబు ఇదే. చిగురు చూసి నీళ్ళు మానేస్తారు, దాచుకున్న బలం అయిపోగానే ఆకు వాలుతుంది.

గోటితో గీకితే బెరడు కింద పచ్చగా ఉందా, పాలు వచ్చాయా అని చూసేవాళ్ళున్నారు. అది కొమ్మ ఇంకా చావలేదని మాత్రమే చెబుతుంది, వేరు పట్టిందని చెప్పదు. నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి. మొదటి ఆకులు పూర్తి సైజుకు పెరిగి, వాటి పైన రెండో విడత ఆకులు రావాలి. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ ఆకు వాలకూడదు. కొమ్మను రెండు వేళ్ళతో మెల్లగా కదిలిస్తే మట్టి కదలకూడదు. ఈ మూడూ కనబడితే వేరు పట్టినట్టే. సాధారణంగా దసరా నాటికి తేలిపోతుంది.

వేరు వచ్చిందో లేదో చూద్దామని పీకి చూడటం, పక్కన తవ్వి చూడటం చేయకండి. దానివల్ల చచ్చిన కొమ్మలను ఎవరూ లెక్కపెట్టలేదు.

నెల దాటినా చిగురు లేకపోతే తొందరపడకండి. గీకితే పచ్చగా ఉన్నంత కాలం రెండు నెలల వరకు ఆగవచ్చు. పై నుంచి ఎండుతూ వస్తుంటే ఎండిన మేరకు రంపంతో కోసి మళ్ళీ ముద్ద మెత్తండి. మొదట్లో మట్టి గూడు కట్టిన చెదలు కనబడితే చీపురుతో దులిపేసి, చుట్టూ ఇంకో అరకిలో వేప పిండి కలిపి నీళ్ళు పెట్టండి. చెదలు ముందు పట్టేది ఎండిన చెక్కనే. పచ్చి బెరడు బాగుంటే కంగారు అక్కర్లేదు.

లావు కొమ్మ దొరక్కపోతే

గాలి అంటు అన్నింటికన్నా నమ్మకమైన మార్గం, ఎందుకంటే వేరు కళ్ళకు కనబడుతుంది. వానాకాలం మొదట్లో బొటనవేలు లావు కొమ్మ మీద అంగుళంన్నర మేర బెరడు చుట్టూ ఒలిచేయండి. పాలు తుడిచి, తడిపి పిండిన కొబ్బరి పొట్టును పిడికెడు మందాన చుట్టి, తెల్ల ప్లాస్టిక్ కాగితంతో రెండు చివరలా బిగించి కట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కాగితంలోంచి తెల్లటి వేళ్ళు కనబడతాయి. అవి గోధుమ రంగుకు తిరిగాక కింద కోసి, సంచిలో నాటి, ఒక ఏడాది పెంచి అప్పుడు భూమిలో పెట్టండి. నల్ల కాగితం చుట్టారంటే విప్పి చూడాలనిపిస్తుంది, అందుకే తెల్లది చెప్పాను.

గోడ మీద, వాటర్ ట్యాంకు సందులో మొలిచిన మొక్క ఇంకో దారి. పక్షులు పండు తిని రెట్ట వేస్తే మొలిచేవి ఇవి. బాగా వాన పడిన మర్నాడు, ఉలితో సందు కొంచెం పెద్దది చేసి వేళ్ళతో సహా తీయండి. లాగితే పైభాగం చేతికొచ్చి వేరు గోడలోనే ఉండిపోతుంది, రెండు నెలల్లో అక్కడే మళ్ళీ లేస్తుంది. ఆకులు సగానికి తుంచి, ఎర్రమట్టి, ఇసుక, ఎరువు సమపాళ్ళలో నింపిన సంచిలో నాటి మూడు వారాలు నీడలో ఉంచాలి. జానెడు లోపు మొక్కలు బాగా బతుకుతాయి. మోచేతి లావు అయిపోయాక గోడను కాపాడుకోండి, మొక్క మీద ఆశ వదులుకోండి.

విత్తనం చల్లడం గురించి అడగకండి. ఆవగింజ కన్నా చిన్నది, మొలిచినా ఏళ్ళు పడుతుంది. పంచాయతీ నర్సరీలో మొక్క దొరికితే తెచ్చుకోండి. సంచి అడుగున వేళ్ళు చుట్టలుగా తిరిగి ఉంటే మాత్రం వద్దనండి.

ఊడలను నేలకు దించడం

ఇప్పుడు మూడో ప్రశ్న. ఊడ ఎందుకు ముఖ్యమో ఒక్క సంగతి చెబితే చాలు. కోల్‌కతా పక్కన హౌరా బొటానికల్ గార్డెన్‌లోని పెద్ద మర్రికి మూలకాండం బూజు తెగులుతో కుళ్ళితే 1925లో దాన్ని తీసేశారు. చెట్టు ఇవాళ్టికీ ఊడల మీద నిలబడే ఉంది. మన పిల్లలమర్రికి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడినప్పుడు, కారణం చెదలని తేలి, 2018లో అటవీ శాఖవారు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. అందరికీ ఆ సెలైన్ ఫొటోలే గుర్తున్నాయి. బరువైన కొమ్మల కింద ఆధారాలు కట్టడం, ఊడలను పైపుల్లోంచి నేలకు దించడం కూడా ఆ వైద్యంలో భాగమేనని గుర్తున్నవాళ్ళు తక్కువ. మీ చెట్టుకు మీరు సెలైన్ పెట్టబోకండి. అది నిపుణుల పని, మందు పాళ్ళు తప్పితే చెట్టే పోతుంది. ఊడ దించడం మాత్రం ఎవరైనా చేయవచ్చు.

ఊడ నేలకు దిగకపోవడానికి కారణాలు మూడే. మన గాలిలో తడి చాలక కొన ఎండిపోతుంది. పిల్లలు ఊగుతారు, మేకలు కొరుకుతాయి, పళ్ళపుల్లకూ తలనూనెకూ జనం కోసుకుపోతారు. ఇవన్నీ దాటి దిగినా కింద సిమెంటు ఉంటుంది.

1. ముందు సిమెంటు సంగతి. చెట్టు చుట్టూ గద్దె కట్టి టైల్స్ పరచడం ఇప్పుడు ప్రతి ఊళ్ళో గొప్పగా మారింది. దాతల పేర్లు రాయడానికి బాగుంటుంది. చెట్టుకు మాత్రం గొంతు మీద కాలు పెట్టినట్టే. ఊడ దిగాల్సిన చోట కనీసం మూడడుగుల చతురస్రం పగలగొట్టి, మట్టి తేలేలా చేయండి. కొత్తగా కడుతుంటే మొద్దు చుట్టూ నాలుగడుగులు ఖాళీ వదిలి, సిమెంటు లేకుండా రాళ్ళు పేర్చిన గద్దె కట్టించండి.

2. ఏ ఊడను దించాలో ఎంచుకోండి. మొద్దుకు దగ్గరగా ఉన్నవాటి వల్ల లాభం తక్కువ. అడ్డంగా చాలా దూరం సాగి, బరువుతో వంగుతున్న కొమ్మ మధ్య నుంచి దిగుతున్న ఊడ మీక్కావాలి. కొన లేత పసుపుగా, తడిగా ఉంటే అది పెరుగుతోంది. నల్లబడి పెళుసుగా ఉంటే ఆగిపోయింది. ఆగినదాన్ని పచ్చి భాగం దాకా కోసి, కోసిన చోట తడి గోనె చుడితే కొన్ని వారాల్లో పక్కల నుంచి కొత్త కొనలు వస్తాయి.

3. ఊడ కింద అడుగున్నర గుంత తీసి మట్టి, ఎరువు నింపండి.

4. నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా రెండు బద్దలుగా కోయించండి. మొత్తం పైపు తొడిగితే తర్వాత తీయలేరు, లావెక్కిన ఊడ అందులోనే బిగిసిపోతుంది. బద్దలకు జానెడుకొకటి చొప్పున బెజ్జాలు వేయండి. పీవీసీ వద్దనుకుంటే లావు వెదురు బొంగు చీల్చి, లోపలి కణుపులు కొట్టేసి వాడవచ్చు. ఒకటి రెండేళ్ళలో అదే కుళ్ళి రాలిపోతుంది, తీసే పనే ఉండదు.

5. ఊడను రెండు బద్దల మధ్య ఉంచి, సుతిలితో వదులుగా కట్టి, కింది కొస గుంతలో అరడుగు దిగేలా నిలబెట్టండి. పక్కన గట్టి గుంజ పాతి దానికి ఆనించి కట్టాలి. పైపు బరువు ఊడ మీద పడకూడదు. ఇనప తీగ మాత్రం వాడకండి, బెరడులోకి కోసుకుపోతుంది.

6. పై నుంచి కొబ్బరి పొట్టు, జల్లించిన మట్టి, మాగిన ఎరువు కలిపి నింపండి. కుక్కి నింపకూడదు, పోసి నీళ్ళు పోస్తే అదే సర్దుకుంటుంది.

7. ఊడ ఇంకా చాలా ఎత్తులో ఉంటే పైపు పైభాగం దాని కొనకు అందేంత ఎత్తు పెట్టండి. పది అడుగులకు మించి దూరం ఉంటే ఈ ఏడాది పైపు ఆలోచన మాని, కొనకు వదులుగా తడి గోనె చుట్టి, వానాకాలమంతా పెరగనివ్వండి.

8. వానలు లేనప్పుడు రోజు విడిచి రోజు పై నుంచి చెంబెడు నీళ్ళు. చుట్టూ కంప.

మొదలుపెట్టడానికి ఆరుద్ర, పునర్వసు కార్తెలు మంచివి. గాలిలో తడి ఉన్నప్పుడే ఊడ వేగంగా సాగుతుంది.

నేల పట్టిందని ఎలా తెలుస్తుంది? నేలలో వేరూనిన ఊడ కుంచించుకుని బిగుసుకుంటుంది. అంతకుముందు వదులుగా ఊగేది తీగ లాగినట్టు నిటారుగా అవుతుంది. బద్దల పైన కనబడే భాగాన్ని పట్టుకుని మెల్లగా పక్కకు నొక్కితే బిర్రుగా తగలాలి. ఆ తర్వాత లావెక్కడం మొదలై, పైన చెక్క రంగు వస్తుంది. ఇవి కనబడ్డాక కూడా ఇంకో వానాకాలం దాటేదాకా బద్దలు తీయకండి. తీసేటప్పుడు తాళ్ళు కోసి బద్దలను పక్కకు విప్పండి, లోపలి మట్టిని చేత్తో రాల్చండి. పైకి లాగితే సన్నవేళ్ళన్నీ తెగుతాయి.

కొమ్మ ఇప్పటికే పగులు చూపిస్తుంటే ఊడ మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. ముందు దాని కింద గుంజ గానీ దిమ్మె గానీ నిలబెట్టించండి, కొమ్మకూ దిమ్మెకూ మధ్య పాత టైరు ముక్క పెట్టండి. ఊడ లావై బరువు మోయడానికి ఏళ్ళు పడుతుంది.

చెట్టు నుంచి ఏం తీసుకోవచ్చు

ఊడ చెక్క మొద్దు చెక్క కన్నా గట్టిది, సాగుతుంది. అందుకే పూర్వం గుడారం గుంజలకు, బండి కాడికి వాడేవారు. మొద్దు చెక్క నీటిలో చాలా కాలం ఉంటుంది కాబట్టి బావి ఒరలకు వేసేవారు. ఇవాళ ఈ పనులకు చెట్టు కొట్టాల్సిన అవసరం లేదు.

పళ్ళు తోముకోవడానికి పెన్సిలంత సన్నని ఊడ చాలు, అదీ మీరు దించని ఊడల్లోంచి. మేకల మండకు కోస్తే ఏడాదికి ఒక పక్కే కోయండి. పండ్లు గోరింకలకు, కోయిలలకు, పచ్చ పావురాలకు వదిలేయండి, మనకు వాటిలో రుచేమీ లేదు. బెరడు కషాయం షుగరుకు పనిచేస్తుందా అని అడిగేవారికి: డాక్టరు ఇచ్చిన మాత్ర మానేసి కషాయం తాగకండి, అంతవరకే నేను చెప్పగలను.

విస్తరి మాత్రం చెట్టుకు నష్టం లేకుండా చేసుకోవచ్చు. మన వైపు మోదుగదే పైచేయి, ఒప్పుకుంటాను. అయినా మోదుగ దొరకని చోట మర్రి ఆకు బాగా పనికొస్తుంది. లేతవీ ముదిరి పసుపెక్కినవీ కాకుండా మధ్యస్థపు ఆకులు కోసి, కాడలు తుంచి, పాలు కారిపోయాక కడగండి. ఒక పూట నీడలో వడలనిచ్చి, రాత్రంతా పలక రాయి కింద పెట్టండి. పచ్చివే కుడితే ఎండాక ముడుచుకుని కుట్లు ఊడిపోతాయి. ఒక ఆకు మధ్యలో పెట్టి, చుట్టూ ఆకులను ఒకదాని అంచు మీద ఇంకోటి రెండు వేళ్ళ మందం ఎక్కేలా పేర్చి, శుభ్రమైన చీపురు పుల్లలతో కుట్టండి. పుల్ల కొన పైకి పొడుచుకు రాకుండా విరవాలి, పిల్లల పెదవికి గుచ్చుకుంటుంది.

పూర్తయ్యాక ఒక విస్తరిలో గరిటెడు పలచటి చారు పోసి కొంతసేపు గచ్చు మీద ఉంచండి. ఎత్తి చూస్తే కింద తడి ఉంటే ఆకుల అంచులు సరిగ్గా ఎక్కలేదు. మిగతావి కుట్టేటప్పుడు ఇంకో వేలు మందం ఎక్కించండి.